ఢిల్లీ నిధులు, గరివిడి నీళ్లు

విజయనగరం గంటస్తంభానికి రెండు సందుల అవతల ఇల్లు. రాత్రి పదకొండు దాటింది. మా మేనకోడలు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. పక్కన మూడు కొటేషన్లు, ప్రిన్సిపాల్ సంతకం చేసిన ఆమోదపత్రం, చల్లారిపోయిన టీ. దరఖాస్తులో అన్ని గడులూ నిండాయి, ఒక్కటి తప్ప. ఈ సమస్యకు క్వాంటమ్ సాంకేతికతే ఎందుకు కావాలో చెప్పమంటోంది ఆ గడి.

"మావయ్యా, రోజూ రాసేవాడివి కదా, ఇది నువ్వు రాసిపెట్టు" అంది.

"ఫిజిక్స్ చెప్పేది నువ్వు తల్లీ. కారణం నువ్వు చెప్పు, మాటలు నేను చూస్తాను."

"ఆ కారణమే దొరకట్లేదు. అన్నీ రాశాను, అదొక్కటే ఏటి రాయాలో తెలీట్లేదు."

ఆమె ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది. పొద్దున రెండు క్లాసులు, మధ్యాహ్నం ల్యాబ్, సాయంత్రం అక్రిడిటేషన్ ఫైళ్లు. పరిశోధనకు మిగిలేది ఈ వేళే. ఆ రాత్రి కోసమే నేను ఆమదాలవలసలో రైలెక్కి వచ్చాను. ఒక్క గడి దగ్గర మేమిద్దరం రెండు గంటలు ఆగిపోయాం. ఆ రెండు గంటల్లో నాకు అర్థమైనది ఉత్తరాంధ్రలో ప్రాజెక్టు రాయాలనుకునే ప్రతి అధ్యాపకుడికీ, ప్రతి విద్యార్థికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఆరు వేల కోట్లు

2020 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ క్వాంటమ్ సాంకేతికతలకు ఐదేళ్లలో 8,000 కోట్ల రూపాయలు ఇస్తామని ప్రకటించారు. ఆ మాట కార్యరూపం దాల్చడానికి మూడేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. మొత్తం 6,003.65 కోట్లు, గడువు 2030-31 వరకు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 క్యూబిట్ల కంప్యూటర్లు తయారుచేయడం, రెండు వేల కిలోమీటర్ల దూరానికి ఎవరూ చొరబడలేని సందేశ మార్గాలు వేయడం, పరమాణువులతో నడిచే గడియారాలు, అతి సూక్ష్మమైన అయస్కాంత క్షేత్రాలను కొలిచే పరికరాలు రూపొందించడం దాని లక్ష్యాలు.

ఈ డబ్బు నాలుగు ప్రధాన కేంద్రాల చుట్టూ తిరుగుతుంది. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్‌సీలో. కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాసులో, సీ-డాట్‌తో కలిసి. సెన్సింగ్, మెట్రాలజీ ఐఐటీ బొంబాయిలో. పదార్థాలు, పరికరాలు ఐఐటీ ఢిల్లీలో. ఈ కేంద్రాల కింద 14 సాంకేతిక బృందాలు 17 రాష్ట్రాల్లో పనిచేస్తున్నాయి. విజయనగరంలోనో టెక్కలిలోనో ఉన్న కాలేజీ నేరుగా మిషన్ తలుపు తట్టాలంటే చాలా దూరం నడవాలి. ఆ నాలుగు కేంద్రాల్లో ఒకదానితో చేయి కలిపితే దారి సగమవుతుంది. మా అమ్మాయి తన పాత దరఖాస్తు ఈ సంగతి తెలియకుండా రాసింది.

రెండేళ్ల క్రితం మాట. క్వాంటమ్ కంప్యూటర్ మీద విద్యుత్ పంపిణీ లెక్కలు వేసే ఒక పద్ధతి గురించి పాతిక పేజీలు రాసింది. అందులో ఆరు పేజీలు మిషన్ లక్ష్యాలే. నిధులిచ్చే సంస్థ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: కొత్తదనం లేదు, వసతులు లేవు. అంతకుముందు ఇంకోసారి దరఖాస్తు పరిశీలన దాకా కూడా వెళ్లలేదు. గడువు తేదీ నాడు సంతకం పెట్టాల్సిన పెద్దాయన ఊళ్లో లేరు. ఆయన సంతకంతో ఆమోదపత్రం మర్నాడు వచ్చింది. పోర్టల్ ముందురోజు రాత్రే మూసేశారు. ఏడాది పని ఒక సంతకం దగ్గర ఆగిపోయింది. ఇలాంటివి మన కాలేజీల్లో నేను చాలా విన్నాను. పట్నంలోని పెద్ద సంస్థల్లో ఈ పని చూసుకోవడానికి ఒక విభాగమే ఉంటుంది. మన దగ్గర పాఠం చెప్పే మనిషే గుమాస్తా, అకౌంటెంటు, కొరియర్ కూడా.

ఎనిమిది సంస్థలు ఏం చేస్తున్నాయి

"క్వాంటమ్ అంటే కంప్యూటరే అనుకుంటున్నావు. మిషన్ మొదట ఎంపిక చేసిన ఎనిమిది స్టార్టప్‌ల పేర్లు తీయి" అన్నాను ఆ రాత్రి.

2024 నవంబరులో ఆ జాబితా వచ్చింది. బెంగళూరు నుంచి మూడు, ఢిల్లీ నుంచి రెండు, ముంబయి, పుణె, అహ్మదాబాద్ నుంచి ఒక్కొక్కటి. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కటీ లేదు. అది బాధపెట్టే సంగతే. అయితే ఆ జాబితాను ఒకసారి నిదానంగా చదవాలి. మొత్తం కంప్యూటరే కడుతున్నది క్యూపైఏఐ ఒక్కటే. అది 2025 ఏప్రిల్‌లో 25 క్యూబిట్ల యంత్రాన్ని బయటికి తెచ్చింది. క్యూఎన్‌యూ ల్యాబ్స్ రహస్య సందేశాల పని చేస్తుంది. మిగతావాళ్లలో ఎక్కువమంది? ముంబయి డిమీరా అతి చల్లని గదుల్లోకి వెళ్లే తీగలు చేస్తుంది. ఐఐటీ ఢిల్లీలో పుట్టిన ప్రెనిష్క్ లేజర్లు చేస్తుంది. పుణె క్యూప్రయోగ్ గడియారాలు, బెంగళూరు క్వాన్2డీ ఒక్కొక్క కాంతికణాన్ని పట్టుకునే డిటెక్టర్లు, అహ్మదాబాద్ ప్రిస్టీన్ డైమండ్స్ సెన్సర్లకు పనికొచ్చే వజ్రాలు.

తీగ, లేజరు, గడియారం, వజ్రం. కొత్త విద్య అంతా కొత్త యంత్రంలోనే ఉంటుందనుకుంటాం. కానీ మొదట డబ్బు అందినవాళ్లలో ఎక్కువమంది దానికి కావలసిన పనిముట్లు చేసేవాళ్లే. ఇది గ్రహించాక మా అమ్మాయి కుర్చీ వెనక్కి జరిపి కూర్చుంది.

క్యూపైఏఐ లాంటి క్వాంటమ్ కంప్యూటర్ కట్టాలంటే లోపల ఉష్ణోగ్రత సంపూర్ణ శూన్యానికి ఒక డిగ్రీలో వందో వంతు దూరంలోకి దించే శీతల యంత్రం కావాలి. అంత ఖరీదు మన కాలేజీలు మోయలేవు, నడపడానికి మనుషులూ లేరు. సెన్సర్ల సంగతి వేరు. అందులో కొన్ని మామూలు గదిలో, మామూలు వేడిలో పనిచేస్తాయి. ఐఐటీ బొంబాయిలో కస్తూరి సాహా బృందం వజ్రాలతో అయస్కాంత క్షేత్రాలను కొలిచే పనిలోనే ఉంది. 2024లో టీసీఎస్‌తో కలిసి ఆ వజ్రపు సెన్సర్లతో చిప్‌ల లోపలి చిత్రాలు తీసే పరికరం పని మొదలుపెట్టింది.

లోపమున్న వజ్రం

ఈ వజ్రం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన తెలుగు నేలకు వజ్రాలతో పాత చుట్టరికం ఉంది. కృష్ణా తీరాన కొల్లూరు గనుల నుంచి వెళ్లిన రాళ్లకు లోకమంతటా గోల్కొండ వజ్రాలని పేరు. వాటికి అంత విలువ రావడానికి ఒక కారణం, వాటిలో నత్రజని దాదాపు లేకపోవడం. నీళ్లంత స్వచ్ఛంగా ఉంటాయి. సెన్సర్‌కు కావలసిన వజ్రం సరిగ్గా దీనికి తలకిందులు. కర్బన పరమాణువుల అల్లికలో ఒకచోట కర్బనం బదులు నత్రజని కూర్చోవాలి, దాని పక్క గది ఖాళీగా ఉండాలి. నగల వ్యాపారి దాన్ని లోపమంటాడు. శాస్త్రజ్ఞుడికి ఆ లోపమే పనికొస్తుంది.

ఆ లోపం మీద ఆకుపచ్చ లేజరు వేస్తే ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలిస్తే ఆ ఎరుపు కొంచెం మసకబారుతుంది. మన వంటింట్లో అన్నం వేడిచేసే మైక్రోవేవ్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అంటే రెండూ పక్కపక్కవే. దగ్గరికి చిన్న అయస్కాంతం తెస్తే ఆ మసక ఉన్న చోటు నుంచి జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి అయస్కాంతం బలం చెప్పేయవచ్చు. మా మేనకోడలు ఐఐటీలో ఒక వారం శిక్షణకు వెళ్లినప్పుడు ఈ ప్రయోగం తన చేత్తో చేసింది. "చీకటి గదిలో ఆ ఎర్రటి చుక్క చూసినప్పుడు ఒళ్లు జలదరించింది మావయ్యా" అని అప్పట్లో ఫోన్ చేసి చెప్పింది. అది గుర్తుచేశాను.

"ఆ చుక్కతో మన జిల్లాలో ఏం కొలవగలవు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "మాంగనీసు."

1892 నుంచి ఉన్న గని

ఇక్కడే దరఖాస్తు మలుపు తిరిగింది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అప్పటి విశాఖపట్నం జిల్లాలో, గరివిడి దాపున కోడూరులో, 1892 ప్రాంతంలో. ఆ రాళ్లను చూడడానికి వచ్చిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి లూయిస్ లీ ఫెర్మర్ అక్కడి ఒక రకం శిలకు కోడూరైట్ అని పేరు పెట్టాడు. భూగర్భశాస్త్ర పుస్తకాల్లో మన ఊరి పేరు అలా నిలిచిపోయింది. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చింది, చీపురుపల్లి చుట్టూ గనులు వచ్చాయి, రైలు బోగీలు నల్లటి రాయి మోసుకుంటూ విశాఖ రేవుకు వెళ్లాయి. నూట ముప్పై ఏళ్ల గని చరిత్ర ఇది.

నీళ్లలో మాంగనీసు ఎంతవరకు ఉండొచ్చో బీఐఎస్ ప్రమాణం చెబుతుంది: లీటరుకు 0.1 మిల్లీగ్రాములు. వేరే నీటి వసతి లేకపోతే 0.3 వరకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన తాత్కాలిక మార్గదర్శక విలువను 0.08గా పెట్టింది. మోతాదు మించితే ముందు బట్టల మీద మరక పడుతుంది, నోటికి చేదుగా తగులుతుంది. ఎక్కువకాలం తాగితే నరాల మీద, అందులోనూ పసిపిల్లల మీద ప్రభావం ఉంటుంది. గనుల చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో వర్షాకాలం ఎంత, వేసవిలో ఎంత అనే లెక్క ఊరూరా ఏడాది పొడవునా తీయడం ఈ ప్రాజెక్టు పని.

ఇక క్వాంటమ్ ఎందుకు? నీళ్లలో కరిగిన మాంగనీసు అయాన్‌లో జతకాని ఎలక్ట్రాన్లు ఐదుంటాయి. అంటే ప్రతి అయానూ ఒక చిన్న అయస్కాంతం, అదీ కుదురుగా ఉండనిది. పక్కన వజ్రపు పొడి ఉంటే ఆ రొద దానిలోని లోపాలకు వినిపిస్తుంది. వజ్రాన్ని ఒక స్థితిలో పెట్టి వదిలేస్తే అది తిరిగి మామూలు స్థితికి రావడానికి కొంత సమయం పడుతుంది, మైక్రోసెకన్ల లెక్కలో. పక్కన మాంగనీసు ఉంటే ఆ సమయం తగ్గిపోతుంది. తగ్గుదల చూసి మాంగనీసు ఎంతుందో అంచనా వేయవచ్చు. గాడోలినియం, మాంగనీసు లాంటి అయాన్లతో ఈ పద్ధతిని లోకంలో చాలా ప్రయోగశాలలు పరీక్షించాయి.

"ఇది రాస్తే చాలదు" అంది వెంటనే. "పరిశీలకుడు అడుగుతాడు: ఐసీపీ-ఎంఎస్ యంత్రం ఇంతకన్నా కచ్చితంగా చెబుతుంది కదా, నీ వజ్రం ఎందుకని. ఇనుము కూడా అయస్కాంతమే కదా, రాగీ అంతే కదా, నీకు మాంగనీసే వినిపించిందని ఎలా చెబుతావని."

నాకు ఆ క్షణం చాలా సంతోషమేసింది. రెండేళ్ల క్రితం ఆరు పేజీలు మిషన్ లక్ష్యాలు రాసిన అమ్మాయి ఇప్పుడు తన దరఖాస్తుకు తనే పరిశీలకురాలై కూర్చుంది. మంచి దరఖాస్తుకు అదే మొదటి మెట్టు. ఆ గడిలో చివరికి మేం రాసింది ఇదీ: ఐసీపీ-ఎంఎస్ విశాఖ వెళ్తే దొరుకుతుంది, సీసా వెళ్లి ఫలితం వచ్చేసరికి రోజులు పడతాయి. ఊళ్లోనే, బావి గట్టునే, నెలకోసారి కాకుండా రోజుకోసారి కొలిచే పెట్టె కావాలి. వజ్రపు సెన్సరు చిన్న పెట్టెలో పడుతుంది, దానికి చల్లబరిచే యంత్రం అక్కర్లేదు. ఇనుమును ముందే వేరు చేసే రసాయన దశ ఒకటి చేర్చాలి, అది ప్రాజెక్టులో మొదటి ఆరునెలల పని. ఈ పెట్టె చెప్పే ప్రతి పది ఫలితాల్లో ఒకటి విశాఖ యంత్రంతో సరిచూస్తాం. పెట్టె తప్పు చెబితే తప్పు చెప్పిందనే నివేదిక ఇస్తాం.

చివరి వాక్యం తీసేయమని ఆమె సహోద్యోగి ఒకరు సలహా ఇచ్చారట. తీయొద్దన్నాను. ఇప్పటికీ అదే నా అభిప్రాయం. నిధులిచ్చేవాళ్లు వైఫల్యానికి భయపడరు, దాన్ని దాచేవాళ్లంటేనే భయపడతారు.

ఇంకో మాట కూడా ఆమెకు గట్టిగా చెప్పాను. ఉద్దానం పేరు వాడొద్దని. కవిటి, సోంపేట, కంచిలి, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బుతో తరాలు నలిగిపోయాయి. కారణం ఇదీ అని సైన్సు ఇంకా నిర్ధారించలేదు. మన ప్రాంతం నుంచి వెళ్లే ప్రతి నీటి ప్రాజెక్టు మొదటి పేరాలోనూ ఉద్దానం కనిపిస్తుంది, రెండో పేరా నుంచి మాయమవుతుంది. వజ్రంతో మాంగనీసు కొలిచే పెట్టె ఉద్దానం జబ్బుకు కారణం చెప్పలేదు. చెప్పలేనప్పుడు ఆ ఊళ్ల పేరు మన కాగితం మీదికి తేకూడదు.

కాగితాల అడవిలో

నిధుల సంగతికొస్తే, కాలేజీ అధ్యాపకులకు మిషన్ కన్నా దగ్గరి దారి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ది. 2023 చట్టంతో ఏర్పడి, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చి, అంతకుముందు నిధులిచ్చిన సెర్బ్ సంస్థను తనలో కలుపుకుంది. దాని కింద టేర్ అనే పథకం ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో, ప్రైవేటు విద్యాసంస్థల్లో రెగ్యులర్ ఉద్యోగం చేస్తున్న అధ్యాపకులు మూడేళ్లపాటు ఏడాదికి కొన్ని నెలలు ఐఐటీ వంటి పెద్ద సంస్థకు వెళ్లి పరిశోధన చేయవచ్చు. ఏడాదికి 5 లక్షలు పరిశోధన ఖర్చు, రెండు సంస్థలకూ సగం సగం. ఏడాదికి 60,000 ఫెలోషిప్. మొత్తం చూస్తే చిన్నదే. కానీ ఉత్తరాంధ్ర అధ్యాపకులకు క్వాంటమ్‌లోకి ఇంతకంటే మంచి గడప నాకు కనిపించలేదు. శీతల యంత్రం, లేజరు బల్ల, అనుభవమున్న చేతులు అక్కడ దొరుకుతాయి. తిరిగొచ్చేసరికి ఐఐటీలో ఒక సహ పరిశోధకుడు దొరుకుతాడు. తర్వాతి దరఖాస్తులో వసతులు లేవనే జవాబు ఇక రాదు. పెయిర్ అనే ఇంకో పథకం పెద్ద విశ్వవిద్యాలయాన్ని కేంద్రంగా పెట్టి చుట్టూ రాష్ట్ర విశ్వవిద్యాలయాలను కలుపుతుంది. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలో 2008 నుంచి ఉంది. జేఎన్‌టీయూ గురజాడ 2022లో విజయనగరంలో వచ్చింది. ఇలాంటి పిలుపు వచ్చిన ప్రతిసారీ ఈ రెండూ ఆ బల్ల దగ్గర కూర్చోవాలని నా కోరిక.

కాగితాల సంగతి విడిగా చెప్పాలి. దాన్ని ఎవరూ ముందు చెప్పరు, అందరూ ఆలస్యంగా తెలుసుకుంటారు. ప్రైవేటు కాలేజీ అయితే నిర్వహించే ట్రస్టుకో సొసైటీకో దర్పణ్ నంబరు ఉండాలి. డీఎస్‌ఐఆర్ గుర్తింపు ఉంటే కొన్ని తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి. ప్రాజెక్టు డబ్బుకు విడిగా సున్నా నిల్వ ఖాతా తెరవాలి. ప్రతి పైసా పీఎఫ్‌ఎంఎస్‌లో కనపడాలి. ఏడాది చివర 12-ఎ ఫారంలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి, లేకపోతే రెండో విడత రాదు. ఆ ధ్రువపత్రంలో ఖర్చయిన డబ్బు, మిగిలిన డబ్బు, వచ్చిన వడ్డీ మూడూ కచ్చితంగా సరిపోవాలి. వడ్డీ వెనక్కి ఇవ్వాలి. ఈ ఒక్క ఫారం తెలియక మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టులు ఎన్నో.

జీఎస్టీ లెక్క ఇంకో చిక్కు. పరిశోధన పరికరాల మీద ఒకప్పుడు 5 శాతమే ఉండేది. ఆ రాయితీ 2022 జూలైలో పోయింది. ఇప్పుడు 18. పాత దరఖాస్తు చూసి బడ్జెట్ రాసుకున్నవాళ్లు లేజరు కొనే రోజున డబ్బు చాలక నిలబడిపోతారు. మా అమ్మాయి మొదటి కొటేషన్ అలాగే ఉంది. మూడూ మళ్లీ తెప్పించింది. ఊరట కలిగించేది ఒకటి: ఇచ్చిన గ్రాంటు మీద పన్ను పడకుండా 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి మినహాయింపు ఇచ్చింది.

చదువు అయిపోయి కంపెనీ పెట్టాలనుకునే పిల్లలకు దారులు వేరు. నమూనా చేయడానికి నిధి-ప్రయాస్ కింద 10 లక్షల దాకా, ఇంక్యుబేటర్ ద్వారా. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా నిరూపణకు 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు. రక్షణ శాఖ ఐడెక్స్‌లో కోటిన్నర దాకా ఇస్తారు, అయితే అంతే మొత్తం స్టార్టప్ కూడా తేవాలి. ఐడెక్స్ ద్వారానే క్యూఎన్‌యూ ల్యాబ్స్ సైన్యానికి రహస్య సందేశ వ్యవస్థ చేసింది. విశాఖలో తూర్పు నౌకాదళం, నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్నప్పుడు సముద్రంలో అయస్కాంత క్షేత్రాలు కొలిచే ఆలోచన ఉన్న విద్యార్థి ఐడెక్స్ ప్రకటనల మీద కన్నేసి ఉంచాలి. 2025 జూలైలో మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన నిధి గురించి చాలామంది అడుగుతున్నారు. అది గ్రాంటు కాదు, ఎక్కువగా తక్కువ వడ్డీ అప్పు, అదీ తొలి దశలు దాటిన పనికి. కాలేజీ ల్యాబ్‌లో మొదలయ్యే పనికి అది కాదు.

చిక్కంతా ఇంక్యుబేటర్ దగ్గరే. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రారంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో శాఖలు ఉన్నాయి. శ్రీకాకుళంలో లేదు, విజయనగరంలో లేదు. ఇచ్ఛాపురం పిల్ల విశాఖ రావాలంటే ఒక పగలు పోతుంది. ఎచ్చెర్ల ఆర్‌జీయూకేటీలో చదువుతున్నది ఎక్కువగా ప్రభుత్వ బడుల్లో పదో తరగతి పాసై వచ్చిన పిల్లలు. వాళ్ల దగ్గర్లో ఒక శాఖ ఉండాలని అడగడం మన హక్కు. రాష్ట్రం ఇంత క్వాంటమ్ మాట్లాడుతున్న కాలంలో ఇంకా గట్టిగా అడగాలి.

ఆ మాట ఊరికే అనడం లేదు. 2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో ఆంధ్రప్రదేశ్ ఒప్పందం చేసుకుంది. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం సిస్టమ్ టూ పెట్టడం ఆ ఒప్పందం. శ్రీకాకుళం నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. అయితే ఆ యంత్రం ఎక్కడున్నా వాడేది ఇంటర్నెట్ ద్వారానే. కాబట్టి దూరం మనకు అడ్డం కాదు. దానికి పని చెప్పగలిగిన మనిషి మన కాలేజీలో ఉన్నాడా అన్నది అడ్డం. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2024 డిసెంబరులో బీటెక్‌లో క్వాంటమ్ మైనర్‌కు పాఠ్యప్రణాళిక ఇచ్చింది, కనీసం 18 క్రెడిట్లు. ఆ పిల్లలు చేతులు పెట్టి నేర్చుకునే ల్యాబ్ లేకపోతే అది రాత పరీక్షగా మిగిలిపోతుంది. మా అమ్మాయి వజ్రపు బల్ల ఆ ల్యాబ్‌గా కూడా పనికొస్తుందని దరఖాస్తులో ఒక పేరా రాశాం. అదే మాకు బాగా నచ్చిన పేరా.

రంగధామరావు గారి వారసులు

క్వాంటమ్ మనకు కొత్త అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొచ్చర్లకోట రంగధామరావు గారు వర్ణపట శాస్త్రాన్ని దశాబ్దాలపాటు పెంచారు. వర్ణపటమంటే పరమాణువులోని శక్తిమెట్లను కాంతిలో చదవడం, క్వాంటమ్ సిద్ధాంతం పుట్టిందే అక్కడ. తర్వాత ఆయన శిష్యులు న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్‌లోకి వెళ్లారు. కేంద్రకం తన చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని ఎలా అనుభవిస్తుందో రేడియో తరంగాలతో వినే విద్య అది. 1950 ప్రాంతంలో జర్మనీలో దాన్ని మొదట చూశారు, కొద్దికాలానికే వాల్తేరు ప్రయోగశాలలో అది నడిచింది. ఇవాళ అదే సూత్రంతో భూమిలో పాతిన పేలుడు పదార్థాలను పసిగట్టే పరికరాలు వస్తున్నాయి. వాటిలో నడిచేదీ క్వాంటమ్ సూత్రమే. ఉత్తరాంధ్రలో భౌతికశాస్త్రం చదివిన చాలామంది గురువుల గురువు ఆయనే. 1972లో కన్నుమూశారు. ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ ఆయన పేరిట స్మారకోపన్యాసం ఏర్పాటు చేసింది. ఆ పేరు మన బీఎస్సీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

దరఖాస్తు బడ్జెట్‌లో నా కంటికి ముఖ్యంగా కనిపించిన వరుస లేజరుది కాదు, మనిషిది. నెట్ లేదా గేట్ ఉన్న జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000, ఇంటి అద్దె అదనం. ఇలాంటి వరుస ఒకటి వస్తే ఒక ఎమ్మెస్సీ పిల్ల హైదరాబాద్ బస్సెక్కకుండా గరివిడి బావుల దగ్గరే మూడేళ్లు పనిచేయొచ్చు. మన ప్రాంతం నుంచి వలస అంటే మనకు కూలీలే గుర్తొస్తారు, వెరావల్ వెళ్లే జాలర్లే గుర్తొస్తారు. నెట్ పాసైన పిల్లలూ వెళ్లిపోతున్నారు, వాళ్లనెవరూ లెక్కపెట్టడం లేదు.

తెల్లవారుజామున రెండున్నరకు ఆ గడి నిండింది. 196 పదాలు. పొద్దున్నే దరఖాస్తు పంపింది. పోర్టల్ ఇచ్చిన రసీదు నంబరు నోటు పుస్తకంలో రాసుకుంది, నా చేత చదివించుకుని సరిచూసుకుంది.

ఆ మధ్యాహ్నం గరివిడి వెళ్లాం. ఫలితం ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో. వర్షాలు పడక ముందు నమూనాలు ఇప్పుడే తీయాలని ఆమె పట్టు. గనికి ఆనుకున్న ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర పాత బావి. చేదతో నీళ్లు తోడి, ఫిల్టరు పెట్టి, ఆమ్లం చుక్కలు వేసిన సీసాలోకి పోసింది. సీసా మీద తేదీ, టైమ్, బావి లోతు రాసింది. చెయ్యి తడిగా ఉండి ఇంకు అలుక్కుపోయింది. తుడిచి మళ్లీ రాసింది. అలా పదకొండు సీసాలు.

బిందె చంకనెట్టుకుని నిలబడిన ఒకావిడ చాలాసేపు చూసి అడిగింది.

"ఏటమ్మా, ఈ నీల్లు ఢిల్లీ అట్టుకెల్తారేటి?"

"లేదమ్మా, ఇజీనారంలోనే సూస్తాం" అంది మా మేనకోడలు. "ఏటుందో వచ్చి నీకే సెప్తాను."

"ఎప్పుడొత్తావు?"

సీసా మూత బిగించి, తేదీ వైపు చూసి, వచ్చే నెల ఇదే రోజు వస్తానంది.